బస్టర్ కీటన్: మూకీ హాస్యనటుడి పతనానికి కారణం టాకీలేనా?

పరిచయం

సినిమా చరిత్ర ప్రశ్నలకు విద్యార్థులు తరచుగా రాసే జవాబు ఒకటుంది: "1927లో టాకీలు రావడంతో మూకీ నటుల కాలం ముగిసింది." జవాబు పత్రాలు దిద్దిన ఇన్నేళ్లలో ఈ వాక్యం నాకు లెక్కలేనన్నిసార్లు ఎదురైంది. అది పూర్తిగా తప్పని అనలేం. కొందరి విషయంలో అలాగే జరిగింది. అయితే ఒక్కొక్క నటుడి జీవితాన్ని తేదీలతో సహా విడిగా పరిశీలించినప్పుడే ఆ వాక్యం ఎంతవరకు నిలబడుతుందో తెలుస్తుంది. ఈ పాఠంలో అమెరికన్ హాస్యనటుడు, దర్శకుడు బస్టర్ కీటన్ (1895–1966) జీవితాన్ని అలా పరిశీలిద్దాం. 1920 నుంచి 1928 వరకు ఎనిమిదేళ్లలో ఆయన తీసిన చిత్రాలను నేడు ప్రపంచ సినిమాలో అగ్రశ్రేణిలో నిలబెడుతున్నారు. 1933 నాటికి ఆయనకు ఉద్యోగం లేదు, ఇల్లు లేదు, కుటుంబం చెదిరిపోయింది. ఈ అయిదేళ్ల మధ్య ఏం జరిగిందన్నదే మన ప్రశ్న.

రంగస్థలం నుంచి స్టూడియోకి

కీటన్ అసలు పేరు జోసెఫ్ ఫ్రాంక్ కీటన్. 1895 అక్టోబర్ 4న కాన్సస్ రాష్ట్రంలోని పికువా అనే చిన్న ఊరిలో పుట్టాడు. తల్లిదండ్రులు జో, మైరా ఊరూరా తిరిగే ప్రదర్శకులు. అప్పటి అమెరికాలో వాడెవిల్ అనే ప్రదర్శనలకు గొప్ప ఆదరణ ఉండేది. పాట, నాట్యం, గారడీ, హాస్యం, జంతువుల విన్యాసాలు, అన్నీ ఒకే టికెట్టు మీద చూపించే వినోదం అది. మన సురభి కుటుంబాల్లో పిల్లలు నాటకంలోనే పుట్టి పెరిగినట్లు కీటన్ కూడా వేదిక మీదే పెరిగాడు. అయిదేళ్ల వయసుకే 'త్రీ కీటన్స్' అనే జట్టులో మూడోవాడయ్యాడు.

ఆ జట్టు ప్రదర్శన సారాంశం చెబితే నేటి పాఠకుడికి ఒళ్లు జలదరిస్తుంది. అల్లరి కొడుకును తండ్రి ఎత్తి విసిరేస్తాడు. పిల్లవాడు తెరల మీద, కొన్నిసార్లు వాద్యకారుల మధ్య పడతాడు. విసరడానికి వీలుగా అతని చొక్కా వెనుక సూట్‌కేసు పిడి కుట్టి ఉండేది. బాలల సంరక్షణ సంఘాలు పలుమార్లు అభ్యంతరం చెప్పాయి. కీటన్ మాత్రం దెబ్బ తగలకుండా పడటం తనకు చిన్నప్పుడే వచ్చిందని చెప్పేవాడు. అక్కడే మరో సంగతి గ్రహించాడు. పడ్డాక తాను నవ్వితే ప్రేక్షకులు అంతగా నవ్వరు. ముఖం కదపకుండా ఉంటే పగలబడి నవ్వుతారు. తర్వాతి కాలంలో 'రాతిముఖం' అని ప్రపంచమంతా పిలిచిన ఆ ముఖానికి మూలం ఈ వేదికే. మనకు పనికొచ్చే అంశం ఇంకొకటి కూడా ఇక్కడ ఉంది, గుర్తుంచుకోండి: కీటన్ చిన్ననాటి నుంచి వేదిక మీద మాట్లాడి, పాడి అలవాటున్న నటుడు.

తండ్రి తాగుడు ముదరడంతో 1917లో జట్టు విడిపోయింది. కీటన్ న్యూయార్క్ చేరాడు. అక్కడ వారానికి 250 డాలర్లకు ఒక రంగస్థల ప్రదర్శనలో అవకాశం దొరికింది. సరిగ్గా అప్పుడే ప్రసిద్ధ హాస్యనటుడు రాస్కో ఆర్‌బకిల్ ఆయనను తన స్టూడియోకు ఆహ్వానించాడు. కెమెరా ఎలా పనిచేస్తుందో చూసిన కీటన్ 250 డాలర్ల పని వదులుకొని 40 డాలర్లకు సినిమాలో చేరాడు. తొలి చిత్రం 'ది బుచర్ బాయ్' (1917). మధ్యలో కొంతకాలం మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా ఫ్రాన్స్ వెళ్లి, వినికిడి కొంత దెబ్బతిని తిరిగొచ్చాడు. 1920లో ఆర్‌బకిల్ పెద్ద చిత్రాల వైపు వెళ్లగా, నిర్మాత జోసెఫ్ షెంక్ ఆ చిన్న చిత్రాల విభాగాన్ని కీటన్‌కు అప్పగించాడు.

ఇక్కడ ఒక ఆర్థిక వివరాన్ని దాటిపోకూడదు. ఆ సంస్థ పేరు తర్వాత 'బస్టర్ కీటన్ ప్రొడక్షన్స్' అయింది గాని, అందులో బస్టర్ కీటన్‌కు వాటా లేదు. ఆయనకు వారం జీతం, లాభాల్లో నాలుగో వంతు వచ్చేవి. స్టూడియో, నెగటివ్‌లు, హక్కులు షెంక్‌వి, ఆయన భాగస్వాములవి. పైగా షెంక్ ఆయనకు తోడల్లుడు. షెంక్ భార్య, నటి నార్మా టాల్‌మాడ్జ్ చెల్లెలు నాటలీని కీటన్ 1921లో పెళ్లి చేసుకున్నాడు. ఇంటి మనిషితో కాగితాలేమిటన్నట్లు సాగింది వ్యవహారం. సంపాదన బాగున్నంత కాలం కీటన్ ఈ విషయం పట్టించుకోలేదు.

పని చేసిన తీరు

కీటన్ స్వతంత్రంగా తీసి విడుదల చేసిన మొదటి చిన్న చిత్రం 'వన్ వీక్' (1920). నిడివి రెండు రీళ్లు. కొత్త దంపతులకు పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చే ఇల్లు కానుకగా అందుతుంది. అంకెల ప్రకారం బిగించుకోవాలి. పెళ్లికూతురి మీద ఆశ పెట్టుకున్న మరొకడు పెట్టెల మీది అంకెలు మార్చేస్తాడు. ఫలితంగా తలుపు మేడమీద తేలుతుంది, గోడలు వంకరపోతాయి. గాలివానకు ఇల్లు బొంగరంలా తిరుగుతుంది. ఇందుకోసం కీటన్ బృందం నిజంగానే తిరిగే చట్రం మీద ఇల్లు కట్టింది. చివరికి ఆ ఇంటిని వేరే స్థలానికి లాక్కుపోతుంటే రైలు పట్టాల మీద ఇరుక్కుంటుంది. రైలు వస్తోంది. దంపతులు కళ్లు మూసుకుంటారు. రైలు పక్క పట్టాల మీద నుంచి వెళ్లిపోతుంది. వాళ్లు, మనమూ ఊపిరి పీల్చుకునేలోగా ఎదురు దిక్కు నుంచి ఇంకో రైలు వచ్చి ఇంటిని తునాతునకలు చేస్తుంది. కథానాయకుడు శిథిలాల మీద 'అమ్మబడును' అనే పలక నిలబెట్టి, దానికి ఇల్లు బిగించే సూచనల పుస్తకం కూడా జతచేసి భార్యను తీసుకొని నడిచిపోతాడు.

ఈ దృశ్యంలో కెమెరా ఎక్కడుందో చూడండి. ముఖానికి దగ్గరగా లేదు. ఇల్లు, పట్టాలు, మనుషులు మొత్తం కనిపించేంత దూరంలో ఉంది. కత్తిరింపు మాయ లేదు, జరిగింది జరిగినట్లు కనిపించాలన్నది కీటన్ పట్టుదల. మోసం చేశారన్న అనుమానం ప్రేక్షకుడికి వస్తే నవ్వు పోతుందని ఆయన నమ్మాడు. మాటల పలకలు కూడా ఇతరుల చిత్రాల కంటే చాలా తక్కువగా వాడేవాడు.

ఇలాంటి పనికి సమయం, మనుషులు కావాలి. కీటన్ బృందంలో కథా సహాయకులు క్లైడ్ బ్రక్‌మన్, జీన్ హావెజ్, జోసెఫ్ మిచెల్, కెమెరా నిపుణుడు ఎల్జిన్ లెస్లీ, సెట్లు, యంత్రాల నిపుణుడు ఫ్రెడ్ గబూరీ ముఖ్యులు. పూర్తి స్క్రిప్టు రాసుకోవడం అరుదు. కథకు మొదలు, ముగింపు తేల్చుకుంటే మధ్య భాగం షూటింగులో పుడుతుందన్నది వారి లెక్క. ఏ ఆలోచనా తోచనప్పుడు పని ఆపి బేస్‌బాల్ ఆడేవారు. ఇది సోమరితనంగా కనిపించవచ్చు. ఫలితం చూస్తే అలా అనిపించదు. 'షెర్లాక్ జూనియర్' (1924)లో సినిమా హాలు ఆపరేటరు నిద్రలో తెరలోకి నడిచి వెళ్తాడు. అతడు కదలకుండానే చుట్టూ దృశ్యం మారిపోతుంది. తోట, వీధి, కొండ అంచు, సింహాలు, మంచు. ప్రతి చోటా నటుడు తెర మీద సరిగ్గా అదే బిందువులో ఉండాలి. అందుకోసం భూమి కొలిచే సర్వే పరికరాలు వాడారు. ఇదే చిత్రంలో రైల్వే నీటి ట్యాంకు గొట్టం నుంచి పడిన నీటి ధాటికి కీటన్ మెడ పట్టాలకు కొట్టుకుంది. మెడ ఎముక విరిగిన సంగతి ఏళ్ల తర్వాత ఎక్స్‌రే తీస్తే బయటపడింది.

'ది నావిగేటర్' (1924) కోసం గబూరీ తుక్కుకు సిద్ధమైన 'బ్యూఫర్డ్' అనే ఓడను సంపాదించాడు. చరిత్ర విద్యార్థులు ఈ పేరును ఇంకోచోట చూసి ఉండవచ్చు. 1919 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఎమ్మా గోల్డ్‌మన్‌తో సహా 249 మందిని విప్లవవాదులని ముద్రవేసి రష్యాకు పంపించింది ఈ ఓడలోనే. అయిదేళ్లు తిరగకుండా అదే ఓడ మీద కీటన్ పెద్ద వంటశాలలో గుడ్డు ఉడకబెట్టుకోలేక అవస్థ పడ్డాడు.

'ది జనరల్': చరిత్రగా, సినిమాగా

1862 ఏప్రిల్ 12న, అమెరికన్ అంతర్యుద్ధ కాలంలో, ఉత్తరాది పక్షానికి చెందిన జేమ్స్ ఆండ్రూస్, మరికొందరు జార్జియాలోని బిగ్ షాంటీ వద్ద 'జనరల్' అనే రైలింజన్‌ను అపహరించారు. దారిలో పట్టాలు, తంతి తీగలు ధ్వంసం చేస్తూ చట్టనూగా వైపు వెళ్లాలన్నది పథకం. రైలు కండక్టర్ విలియం ఫుల్లర్ వెంటాడి వారిని అడ్డుకున్నాడు. ఆండ్రూస్‌తో సహా ఎనిమిది మందిని ఉరితీశారు. కీటన్ ఈ ఘటన ఆధారంగా 1926లో చిత్రం తీశాడు. పాత ఇంజన్లకు సరిపడే కలప రవాణా పట్టాలు ఆరెగాన్ రాష్ట్రంలోని కాటేజ్ గ్రోవ్ వద్ద దొరికాయి. ఆరెగాన్ నేషనల్ గార్డ్ సైనికులు దుస్తులు మార్చుకుంటూ రెండు సైన్యాలుగానూ నటించారు. మండుతున్న వంతెన మీద నుంచి నిజమైన ఇంజన్ నదిలో కూలే దృశ్యానికి 42,000 డాలర్లు ఖర్చయిందని చెబుతారు. మూకీ యుగంలో అత్యంత ఖరీదైన షాట్ అదేనని పేరు. ఆ ఇంజన్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తుక్కుగా ఎత్తేవరకు నదిలోనే ఉండిపోయింది.

నాకు మాత్రం ఆ ఖరీదైన షాట్ కంటే ఒక చిన్న దృశ్యం ఎక్కువ గుర్తుంటుంది. ప్రేమించిన అమ్మాయి తిరస్కరించడంతో ఇంజన్ డ్రైవరు దిగులుగా చక్రాలను కలిపే ఇనుప దండం మీద కూర్చుంటాడు. ఇంజన్ కదులుతుంది. దండంతో పాటు అతడూ పైకీ కిందికీ కదులుతూ షెడ్డులోకి వెళ్లిపోతాడు. ఆ దిగులులో కదలికే గమనించడు. చక్రాలు ఒక్కసారి జారి వేగంగా తిరిగి ఉంటే కీటన్ ప్రాణమే పోయేది.

చరిత్ర విద్యార్థిగా ఇక్కడ మీరు మరో ప్రశ్న వేయాలి. అసలు ఘటనలో వీరులు ఉత్తరాది వారు. అమెరికాలో అత్యున్నత సైనిక పురస్కారం 'మెడల్ ఆఫ్ ఆనర్' మొట్టమొదట అందింది ఈ దాడిలో పాల్గొన్న సైనికులకే. చిత్రంలో మాత్రం కథానాయకుడు దక్షిణాది డ్రైవరు, దుండగులు ఉత్తరాది గూఢచారులు. ఓడిపోయిన దక్షిణాదిని విలన్‌గా చూపితే ప్రేక్షకులు ఒప్పుకోరన్నది కీటన్ ఇచ్చిన వివరణ. దక్షిణాది ఏ వ్యవస్థ కోసం పోరాడిందో, ఆ బానిసత్వం ఊసు చిత్రంలో లేదు. కాబట్టి 'ది జనరల్'ను 1862కు ఆధారంగా కాక, 1926 నాటి అమెరికా తన యుద్ధాన్ని ఎలా గుర్తుంచుకోదలచుకుందో తెలిపే ఆధారంగా చదవాలి. కీటన్ మీద ఎంత అభిమానమున్నా ఈ లోపాన్ని కప్పిపుచ్చనక్కర్లేదు.

చిత్రానికి ఖర్చు సుమారు 7.5 లక్షల డాలర్లు. అమెరికాలో వసూళ్లు 5 లక్షలకు చేరలేదు. విమర్శకుల్లో చాలామంది పెదవి విరిచారు. యుద్ధంలో నవ్వేమిటన్నారు.

1928: కారణాల పరిశీలన

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. 'ది జాజ్ సింగర్' విడుదలైంది 1927 అక్టోబర్‌లో. అంతకు ముందు ఆ వేసవిలోనే కీటన్ శాక్రమెంటో వద్ద 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్' తీస్తున్నాడు. ఇంటి ముందు గోడ మొత్తం విరిగి మీద పడితే, తెరిచి ఉన్న కిటికీ సరిగ్గా ఆయన నిలుచున్న చోటికి రావడం వల్ల బతికిపోయే ప్రసిద్ధ దృశ్యం ఇందులోనిదే. ఈ ఆలోచన ఒక్కరోజులో పుట్టలేదు. 1919లో ఆర్‌బకిల్‌తో చేసిన 'బ్యాక్ స్టేజ్'లో తేలికైన నాటకం తెర పడుతుంది. 'వన్ వీక్'లో ఇంటి గోడ పడుతుంది. 1928 నాటికి అది టన్నుల బరువున్న గోడ అయింది, భుజానికి కిటికీ అంచుకు మధ్య కొన్ని అంగుళాల ఎడమే మిగిలింది.

ఆ చిత్రం నడుస్తుండగానే షెంక్ ఒక నిర్ణయానికి వచ్చాడు. అప్పటికి ఆయన యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ అధిపతి. కీటన్ విభాగం వరుసగా లాభం తేవడం లేదు. దాన్ని మూసివేసి, కీటన్‌ను ఎంజీఎంకు పంపించాడు. ఎంజీఎం మాతృసంస్థకు అధ్యక్షుడు షెంక్ తమ్ముడు నికొలస్. చాప్లిన్, హెరాల్డ్ లాయిడ్ ఇద్దరూ వద్దన్నారని, అయినా తాను వెళ్లడం జీవితంలో చేసిన అతి పెద్ద పొరపాటని కీటన్ తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు. 1928 జనవరిలో ఒప్పందం కుదిరింది. జీతం వారానికి 3,000 డాలర్లు.

ఎంజీఎం క్రమశిక్షణ గల కర్మాగారం. అక్కడ ముందు స్క్రిప్టు రాయాలి, దాన్ని పలువురు ఆమోదించాలి, బడ్జెట్ లెక్కగట్టాలి, ఆ తర్వాతే కెమెరా తిరగాలి. కీటన్ బృందం క్రమంగా చెదిరిపోయింది. ప్రమాదకరమైన విన్యాసాలు స్వయంగా చేయవద్దన్నారు. మొదటి చిత్రం 'ది కెమెరామన్' (1928)లో మాత్రం కొంత పోరాడి పాత పద్ధతిలో పనిచేయగలిగాడు. చూడండి, అది నేటికీ ఆయన ఉత్తమ చిత్రాల్లో ఒకటి. తర్వాతి 'స్పైట్ మ్యారేజ్' (1929)ను శబ్దంతో తీద్దామని అడిగింది కీటనే. ఒప్పుకోనిది స్టూడియో.

ఈ వరుసను దృష్టిలో ఉంచుకుంటే "టాకీల వల్ల" అన్న జవాబు నిలవడం కష్టం. స్వేచ్ఛ పోయింది 1928లో. ఆయన కథానాయకుడిగా మాట్లాడిన తొలి చిత్రం 'ఫ్రీ అండ్ ఈజీ' వచ్చింది 1930లో. గొంతు బాగాలేదనీ చెప్పలేం. ముతకగా ఉన్నా స్పష్టమైన గొంతు, వేదిక అనుభవం ఉన్న గొంతు. ఇంగ్లీషుతో పాటు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ రూపాల్లో కూడా కొన్ని చిత్రాల సంభాషణలు ధ్వని ప్రకారం బట్టీ పట్టి తానే పలికాడు. ప్రేక్షకులు తిరస్కరించారనీ చెప్పలేం. ఆయన టాకీలు లాభాలు తెచ్చాయి. ఆయనకు ఏమాత్రం నచ్చని 'సైడ్‌వాక్స్ ఆఫ్ న్యూయార్క్' (1931) కూడా డబ్బు చేసింది. ఆయన బాధ అక్కడే ఉంది. నాసిరకం చిత్రాలు ఆడుతుంటే తన మాట వినాల్సిన అవసరం స్టూడియోకు ఏముంటుంది? తర్వాత జిమ్మీ డ్యూరాంటీ అనే వాచాలుడితో జత కట్టించారు. నిశ్శబ్దమే బలమైన నటుడి పక్కన ఆగకుండా మాట్లాడే మనిషిని నిలబెట్టారు.

అలాగని తప్పంతా స్టూడియో మీదికి నెట్టడం కూడా న్యాయం కాదు. కీటన్ తాగుడు తీవ్రమైంది, షూటింగులకు రాకపోవడం మొదలైంది. 1932లో విడాకులయ్యాయి. ఇద్దరు కొడుకుల ఇంటిపేరు కీటన్ నుంచి టాల్‌మాడ్జ్‌గా మారింది. 1933 ఫిబ్రవరిలో ఎంజీఎం ఆయనను తొలగించింది. తాగుడు వల్ల పని చెడిందా, పని చెడి తాగుడు పెరిగిందా అనేది ఏ పత్రమూ తేల్చి చెప్పదు. రెండూ ఒకదానినొకటి పెంచాయని అనుకోవడమే సమంజసం. వ్యాపారం మీద ఆయనకున్న నిర్లక్ష్యం మాత్రం కాదనలేనిది. చాప్లిన్ సొంత స్టూడియో కట్టుకున్నాడు, 1919లో యునైటెడ్ ఆర్టిస్ట్స్ స్థాపకుల్లో ఒకడయ్యాడు. అందువల్లే 1931లో, టాకీల మధ్య కూడా, 'సిటీ లైట్స్'ను మాటలు లేకుండా విడుదల చేయగలిగాడు. లాయిడ్ తన చిత్రాల హక్కులు తన చేతిలో ఉంచుకున్నాడు. టాకీలు ముగ్గురికీ ఒకేసారి వచ్చాయి. తేడా యాజమాన్యంలో ఉంది.

పోయిన ప్రింట్లు, దొరికిన ప్రింట్లు

ఆ తర్వాత పదిహేనేళ్లు క్లుప్తంగా చెప్పుకోవచ్చు: చౌక చిన్న చిత్రాలు, ఆసుపత్రులు, మళ్లీ ఎంజీఎంలోనే చాలా తక్కువ జీతానికి ఇతరుల చిత్రాలకు హాస్య ఘట్టాలు సమకూర్చే పని. 1940లో ఎలినార్ నోరిస్‌తో జరిగిన పెళ్లి ఆయన జీవితాన్ని నిలబెట్టింది.

కీటన్ చిత్రాలకు పట్టిన గతి మరో కథ. నాటి ఫిల్మ్ నైట్రేట్‌తో తయారయ్యేది. అది సులభంగా అంటుకుంటుంది, నిల్వ సరిగా లేకపోతే జిగురై, పొడియై పోతుంది. 1937లో న్యూజెర్సీలో ఫాక్స్ సంస్థ గోదాము తగలబడి వారి మూకీల్లో అధిక భాగం నాశనమైంది. టాకీలు వచ్చాక పాత మూకీకి విలువ లేదని సంస్థలే పారవేసినవీ ఎన్నో. అమెరికాలో తీసిన సుమారు 11,000 పూర్తి నిడివి మూకీల్లో అసలు రూపంలో మిగిలింది 14 శాతమేనని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. మన పరిస్థితి ఇంతకంటే దయనీయం. రఘుపతి వెంకయ్య నాయుడు, ఆయన కుమారుడు ప్రకాశ్ మద్రాసులో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ'ను నేడు మనం చూడలేం. దాని గురించి చదవగలం, అంతే.

కీటన్ విషయంలో అదృష్టం కొంత కలిసొచ్చింది. 1949లో విమర్శకుడు జేమ్స్ ఏజీ 'లైఫ్' పత్రికలో మూకీ హాస్యం గురించి రాసిన పెద్ద వ్యాసంలో చాప్లిన్, లాయిడ్, హ్యారీ లాంగ్డన్‌ల సరసన కీటన్‌ను నిలబెట్టాడు. 1952లో చాప్లిన్ 'లైమ్‌లైట్'లో ఆయనకు చిన్న పాత్ర ఇచ్చాడు. కీటన్ ఒకప్పుడు బెవర్లీ హిల్స్‌లో కట్టించుకున్న భవనం చేతులు మారి నటుడు జేమ్స్ మేసన్‌కు చేరింది. 1950లలో ఆ ఇంటి ఆవరణలో మేసన్‌కు పాత ఫిల్ము డబ్బాలు దొరికాయి. నాశనమయ్యే దశలో ఉన్న కొన్ని కీటన్ చిత్రాలు అలా బయటపడ్డాయి. వాటిని కొత్త ఫిల్మ్ మీదికి ఎక్కించి, హక్కులు కూడగట్టి, దేశదేశాల్లో ప్రదర్శించడంలో రేమండ్ రోహావర్ అనే వ్యక్తి పాత్ర పెద్దది. ఇతరుల హక్కుల మీద దావాలు వేసే మనిషిగా ఆయనకు మంచి పేరు లేదు. కాని ఆయన లేకపోతే ఈ పాఠంలో చెప్పిన చిత్రాల్లో కొన్నింటిని మనం చూసేవాళ్లం కాదేమో.

1960లో కీటన్‌కు గౌరవ ఆస్కార్ అందింది. 1965లో వెనిస్ చిత్రోత్సవంలో ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాటకకర్త శామ్యూల్ బెకెట్ రాసిన 'ఫిల్మ్' కూడా ఆ ఏడాదిదే. ముఖానికి పేరుపడ్డ నటుడిని అందులో దాదాపు చివరిదాకా వెనుక నుంచే చూపారు. 1966 ఫిబ్రవరి 1న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కీటన్ మరణించాడు. 1987లో హాంకాంగ్ నటుడు జాకీ చాన్ 'ప్రాజెక్ట్ ఎ' రెండో భాగంలో గోడ పడే దృశ్యాన్ని తన మీద మళ్లీ చేయించుకున్నాడు. 1989లో అమెరికా జాతీయ చిత్ర జాబితా మొదలైనప్పుడు తొలి ఏడాది ఎంపికైన 25 చిత్రాల్లో, 1927లో నష్టం తెచ్చిన 'ది జనరల్' ఉంది.

ఈ పాఠం చదివాక వీలైతే 'వన్ వీక్' చూడండి. దాని నిడివి అరగంటకు లోపే. మొదటిసారి ఊరికే చూడండి. రెండోసారి కాగితం, కలం పట్టుకొని మూడు విషయాలు రాసుకోండి: మాటల పలకలు ఎన్ని వచ్చాయి, కీటన్ ముఖం ఎన్నిసార్లు దగ్గరగా కనిపించింది, ఆ రెండు రైళ్ల దృశ్యంలో కెమెరా ఎక్కడ నిలబడి ఉంది.